కుక్కల చెట్టుకి బూడిద రెక్క

హెడ్విగ్ కోష్‌కి నోటి దురుసు ఎక్కువని ఆ దారిన పోయే లారీ డ్రైవర్లందరికీ తెలుసు. అబద్ధం మాత్రం ఆడదనీ తెలుసు. అరవై ఒక్కేళ్ళ మనిషి, అందరూ హెడీ అంటారు. అడవి కుక్కలు గొర్రెల మీద పడకుండా కట్టిన కంచెలో డెబ్బై కిలోమీటర్ల ముక్కకి ఇరవై రెండేళ్ళుగా ఆమే కాపలా. కంచెకి ఉత్తరాన కుక్కలు, దక్షిణాన గొర్రెలు, నడుమ హెడీ. రేకుల గుడిసె, రెండు నీళ్ళ ట్యాంకులు, ముక్కుతూ మూలుగుతూ నడిచే ట్రక్కు, ఇంతే సంసారం. కాపలాలో తోడున్న మొగుడు వెర్నర్ పోయి ఆరేళ్ళయింది. పోయేముందు రోజు కూడా కంచె ఎలా ఉందని అడిగాడు గానీ నువ్వెలా ఉన్నావని అడగలేదు, అని చెప్పి నవ్వేది.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. కంచె వెంబడి ఎర్ర ఇసుక బాట ఉంటుంది. సాయంత్రం పూట ట్రక్కు వెనక రెండు పాత టైర్లూ ఒక రైలుపట్టా ముక్కా గొలుసుతో కట్టి ఆ బాట మీద ఈడ్చుకుపోవాలి. బాట అలికిన అరుగులా నున్నబడుతుంది. మర్నాడు దాని మీద బల్లి నడిచినా అచ్చు పడుతుంది. ఏ జంతువు వచ్చింది, ఎటు పోయింది, ఆకలి మీద ఉందా, ఊరికే తిరుగుతోందా, అన్నీ హెడీ ట్రక్కు దిగకుండానే చెప్పేస్తుంది.

ఇంకో ఆచారం చెట్టుది. పెద్ద గేటు పక్కన ఎప్పుడో ఎండిపోయిన మాను ఒకటుంది. కంచె తెంచినదేది దొరికినా దాన్ని ఆ చెట్టుకి వేలాడదీయాలి. ఏడాదికోసారి కంచె కమిటీ వాళ్ళు వచ్చి, ముందు ఆ చెట్టు కింద నిలబడి ఒక్కొక్కదాన్నీ చూపించి ఎక్కడ, ఎలా అని అడుగుతారు. కాపలా మనిషి చెప్పాలి. ఆ తరవాతే కంచె చూడటం, వచ్చే ఏడాదికి పని ఉంచడమో ఊడపీకడమో తేల్చడం. చెట్టుకి ఎక్కినదాన్ని ఎవరూ దించకూడదు. అది ఎవరిదైనా అయితే, ఆ సొంతదారు నలుగురి ముందూ నాదని ఒప్పుకుని, తనే ఎక్కి దించుకుని, కంచె పుస్తకంలో తన చేత్తో రాయాలి.

ఆ అవమానం కమిటీ పెద్ద డెంజిల్ ట్రెగెన్జాకి ఒకసారి జరిగింది. అతని కాపలా కుక్క ఒకటి చెడు తిరుగుళ్ళు మరిగి కంచె కింద గొయ్యి తవ్వితే, వెర్నర్ దాన్ని కాల్చి చెట్టుకి ఎక్కించాడు. ట్రెగెన్జా అందరి ముందూ నాది అని, ఎక్కి, తాడు కోసి, ఏడుస్తూ దించుకున్నాడు. పద్నాలుగేళ్ళయింది. ఈరోజుకీ హెడీతో ఒక్క మంచి మాట మాట్లాడలేదు.

ఇక ఉత్తరాన ఉన్న నేలంతా సైన్యం ప్రయోగాలు చేసుకునే చోటు. జనం రేంజి అంటారు. ఒకప్పుడు రాకెట్లు వేసేవాళ్ళు. ఇప్పుడు మనిషి లేకుండా ఎగిరేవి. అందులో ఒకటి రాడార్‌కి కనబడదట, ఎటు పోవాలో ఎవర్ని కొట్టాలో ఎవరూ చెప్పకుండా దానంతట అదే తేల్చుకుంటుందట. అంతా పరమ రహస్యం. కానీ దాన్ని చేసే ఇంజనీర్లు రోడ్డు పక్క హోటల్లోనే మటన్ కూరిన రొట్టెలు తింటారు, కడుపు నిండాక నోరు ఆగుతుందా? లారీ వాళ్ళు దానికి బూడిద గద్ద అని పేరు కూడా పెట్టేశారు.

ఆ ఆగస్టులో రేంజి నుంచి కాగితం వచ్చింది. మంగళవారం నుంచి గురువారం దాకా ఎవరూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు. హెడీ తిట్టుకుంటూనే ఆదివారం, సోమవారం రెండు రోజులూ కూర్చుని డెబ్బై కిలోమీటర్లూ ఈడ్చి నున్న చేసి, పట్నానికి పోయింది. శుక్రవారం తెల్లారేసరికి తిరిగొచ్చింది.

ముప్పై ఆరు కిలోమీటర్ల దాకా బాట నిండా అచ్చులే. ఈము పక్షులు, కంగారూలు, ఒక నక్క, పురుగులు. ముప్పై ఏడో కిలోమీటరు దగ్గర హెడీ బ్రేకు వేసింది. అక్కడి నుంచి ముప్పావు కిలోమీటరు పొడుగునా బాట మీద ఏమీ లేదు. ఒక్క అచ్చు లేదు. మూడు రోజులపాటు ఒక చీమైనా దాటలేదా ఇక్కడ? ఎవరో గురువారం సాయంత్రం ఆ ముక్కని ఆమెలాగే ఈడ్చి పోయారు. ఆమెకంటే శుభ్రంగా ఈడ్చారు. పక్కన ముప్పై గజాల మేర కంచె పడిపోయి, మళ్ళీ నిలబెట్టి ఉంది. తీగకి బదులు తెల్ల ప్లాస్టిక్ పట్టీలు.

దక్షిణం వైపు ఇసుకలో కుక్కల అడుగులు. ఐదు కుక్కలు. అన్నీ లోపలికి పోయినవే, ఒక్కటీ తిరిగి రాలేదు.

అటువైపు ట్రెగెన్జా గొర్రెలు ఈనుతున్నాయి.

పది రోజుల్లో నాలుగు కుక్కల్ని పట్టింది, ఐదోది దొరకలేదు. ఈలోగా నూట నలభై గొర్రెపిల్లలు పోయాయి. తిన్నవి తక్కువ, కొరికి పారేసినవే ఎక్కువ. ట్రెగెన్జా గుడిసె ముందు జీపు ఆపి, దిగకుండానే మాట్లాడాడు.

"పట్నంలో ఒకరోజు ఎక్కువ తాగినట్టున్నావు."

"నీకు ప్లాస్టిక్ పట్టీలు చూపించానా లేదా? అవి రేంజి వాళ్ళవి డెంజిల్. వాళ్ళదేదో పైనుంచి పడింది."

"రేంజికి ఫోన్ చేశాను. ఆ వారం మావేవీ ఆ వైపు ఎగరలేదన్నారు. పట్టీలంటావా, ఏ కొట్లోనైనా దొరుకుతాయి. నువ్వే కట్టి ఉండొచ్చు."

"ఇరవై రెండేళ్ళలో నేను ప్లాస్టిక్‌తో కంచె కట్టడం చూశావా?"

"నూట నలభై పిల్లలు పోవడం కూడా చూడలేదు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటాం? తనిఖీ ఇరవై మూడున. గుడిసె ఖాళీ చేసుకోడానికి సామాను ఎక్కువేం లేదులే నీకు."

జీపు పోయింది. హెడీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు అంటే అబద్ధం, గొర్రె ముక్కలు వేయించుకుని తింది, తింటూ ఏడ్చింది. పని పోతే పోనీ. ఎక్కడైనా బతకొచ్చు. కానీ కంచె వదిలేసి తాగుతూ కూర్చుందన్న మాట ఆమె పోయాక కూడా ఆ డెబ్బై కిలోమీటర్లూ పట్టుకుని ఉంటుంది. వెర్నర్ పేరు కూడా దాంట్లో కలుస్తుంది. అదే ఆమెకి మింగుడుపడలేదు.

మర్నాటి నుంచి ఉత్తరం వైపు కాలినడకన వెతికింది. వాళ్ళు ఇసుక తుడవగలరు, పొదల్ని తుడవలేరు కదా. మూడో రోజున ఒక కంగారూ దారి కనబడింది. ఏళ్ళ తరబడి తిన్నగా పోయే దారి, ఉప్పు నేలలో పెరిగే ఒక తుప్ప దగ్గర కొత్తగా పక్కకి మళ్ళింది. అక్కడ ఏదో ఉంది, వాటికి గిట్టలేదు. హెడీ వంగి తుప్పలోకి చెయ్యి పెట్టింది.

తలుపంత రెక్క ముక్క. బూడిద రంగు. ఎండు రొట్టెలా తేలిక. అంచు రంపంలా పళ్ళు పళ్ళుగా ఉంది, ఆ పళ్ళలో కంచె తీగ పోగు ఇరుక్కుని ఉంది. పేరు లేదు, నంబరు లేదు. తెచ్చి ఏం చెయ్యాలా అని ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కంచె తెంచినదాని చోటు ఎక్కడో ఆమెకి తెలుసు. నిచ్చెన వేసి చెట్టుకి, నాలుగు కొత్త కుక్కల పక్కన, వేలాడదీసింది.

రెండు రోజులకి రేంజి బండి వచ్చింది. దిగినవాడు లాక్లన్ ఓర్, ఆ యంత్రం పరీక్షలకి పెద్ద. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా. వెనక ఇద్దరు, చేతుల్లో ఏవో పరికరాలు.

"మేడమ్, మీకు ఈ చుట్టుపక్కల ఏదైనా దొరికిందా?"

"మీవేవీ ఈ వైపు ఎగరలేదన్నారుగా. ఎగరనిది ఎలా పడుతుంది బాబూ?"

"నేను అడిగింది అది కాదు. దేశ రక్షణకి సంబంధించిన వస్తువు దాచుకుంటే జైలు. మీ వయసులో అది బాగుండదు."

"నేనేదీ దాచలేదు. కంచె తెంచినవి నాకు ఏవి దొరికినా వాటిని పెట్టాల్సిన చోట పెట్టాను. వెతుక్కో."

వెతికారు. పరుపు చించారు. నీళ్ళ ట్యాంకు మూత తీసి దీపం వేసి చూశారు. వెర్నర్ బట్టల పెట్టె బోర్లించారు. అది చూసినప్పుడు హెడీ టీ కప్పు గట్టిగా పట్టుకుంది. పరికరాలు నేల మీద తిప్పారు. ఎవరికీ దొరకకూడదని చేసిన వస్తువు చేసినవాళ్ళకి మాత్రం ఎందుకు దొరుకుతుంది? గేటు దాటేటప్పుడు రెండుసార్లూ చెట్టు కిందనుంచే పోయారు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఈగల్ని తోలుకుంటూ, తల దించుకుని పోయారు.

"మళ్ళీ వస్తాం," అన్నాడు ఓర్.

"ఇరవై మూడున రా. తనిఖీకి రేంజి మనిషి రావాలి. ఏటా వస్తారు, టీ తాగి పోతారు."

ఇరవై మూడున ట్రెగెన్జా, మరో నలుగురు గొర్రెల ఆసాములు, ఓర్ వచ్చారు. హెడీ కంచె పుస్తకం చంకన పెట్టుకుని నిలబడింది. ఇవాళ మాట నిలవకపోతే రేపు గుడిసె లేదు.

ట్రెగెన్జా ముఖం మాడ్చుకుని చెట్టు కిందకి వచ్చాడు. కర్రతో ఒక్కొక్కటే చూపించాడు. హెడీ చెప్పింది. తొమ్మిదో కిలోమీటరు, గొయ్యి తవ్వింది. యాభై రెండు, వరద కోసిన కన్నంలోంచి దూరింది. నాలుగు కొత్త కుక్కలు, ముప్పై ఏడు. కర్ర ఇంకొంచెం జరిగి ఆగిపోయింది.

"ఇదేమిటి?"

"అదీ ముప్పై ఏడే. మిగతావి దూరడానికి దారి చేసింది ఇదే. పళ్ళలో మన తీగ ఉంది చూడు."

ఓర్ తలెత్తాడు.

"ఎవరిది?" అన్నాడు ట్రెగెన్జా.

"ఎవరిదో నాకేం తెలుసు? రేంజి వాళ్ళది కాదట. నీకూ ఫోన్లో అదే చెప్పారుగా."

ట్రెగెన్జా ఓర్ వైపు చూడలేదు. తీగ పోగునే చాలాసేపు చూశాడు. మొండి మనిషే గానీ తెలివితక్కువవాడు కాదు. గొర్రెపిల్లలు పోయింది అతనివే.

"ఎవరిదీ కాకపోతే కమిటీ సొత్తు," అన్నాడు తాపీగా. "తేలిగ్గా ఉన్నట్టుందే. నా కోళ్ళగూటికి కప్పు లేదు. హెడీ, నిచ్చెన తే."

"ముట్టుకోకండి," అన్నాడు ఓర్.

"ఏం?"

"అది... ప్రమాదం."

"కోళ్ళకా?"

ఆసాముల్లో ఎవరో కిసుక్కుమన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వాడు అప్పటికే చెట్టుకీ వాళ్ళకీ మధ్య వచ్చి నిలబడ్డాడు. ట్రెగెన్జా జేబులోంచి కత్తి తీసి మడత విప్పాడు.

"నీది కానప్పుడు అడ్డు లే, కుర్రాడా."

ఓర్ చుట్టూ చూశాడు. ఐదుగురూ కదల్లేదు.

"మాది," అన్నాడు.

"వినబడలేదు," అంది హెడీ. నిజానికి వినబడేలాగే చెప్పాడు.

"మాదే. బుధవారం పడింది. దానికి మాతో సంబంధం తెగిపోతే దిగడానికి చోటు అదే వెతుక్కుంటుంది. మీ బాట నున్నగా తిన్నగా కనబడి రన్‌వే అనుకుంది. రెక్క కంచెకి తగిలింది. అసలు ఆ బాట అలా..."

"నా బాటదే తప్పు అంటావు."

వాడు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"బుధవారం పడితే గురువారం సాయంత్రం దాకా కంచె అలా నేల మీదే ఉంచావు," అంది హెడీ. "నీ ముక్కలు ఏరుకోడానికి తీరిక ఉంది. నాకు ఒక్క ఫోన్ చెయ్యడానికి లేదు. ఇసుక తుడిచే బదులు ఆ రాత్రి ఒక మనిషిని అక్కడ లాంతరుతో కూర్చోబెట్టినా ఆ పిల్లలన్నీ బతికేవి. తాగుబోతు ముండ కంచె వదిలేసిందని ఊరంతా అనుకుంటుంటే విని ఊరుకున్నావు. మా ఆయన బట్టలు నేల మీద కుమ్మరించావు."

ఓర్ ఫోన్ తీసి, "మా వాళ్ళని పిలిచి దింపిస్తాను," అన్నాడు.

"అలా కుదరదు," అన్నాడు ట్రెగెన్జా. "ఇక్కడ ఎవరిది వాళ్ళే దించుకోవాలి. నేను దించుకున్నాను."

నిచ్చెన హెడీయే తెచ్చి వేసింది. ఓర్ ఎక్కాడు. రెక్కని చేరాలంటే కుక్కల మధ్యలోంచి చెయ్యి చాపాలి. పురుగులు రాలాయి, చొక్కాకి పసుపు మరకలు అంటుకున్నాయి, ఒకసారి వాంతి వచ్చినట్టయి ఆగాడు. కింద ఐదుగురూ టోపీలు తీయకుండా చూస్తూ నిలబడ్డారు. దించాక హెడీ పుస్తకం తెరిచి పెన్ను అందించింది. తేదీ, కిలోమీటరు, కారణం, ఎవరిది అనే గళ్ళు. వాడు రహస్యమని, పైవాళ్ళని అడగాలని ఏదో అన్నాడు. ట్రెగెన్జా గేటుకి గొలుసు వేసి తాళం జేబులో పెట్టుకున్నాడు.

వాడు రాశాడు.

ట్రెగెన్జా పుస్తకం తీసుకుని చదివి, కింద సంతకం పెట్టాడు. హెడీకి క్షమాపణ చెప్పలేదు. తాళం తీయడానికి పోతూ, ఆమె వైపు చూడకుండా, "ఐదో కుక్క సంగతేంటి?" అన్నాడు.

"రేపు పట్టుకుంటాను."

"నేనూ వస్తాను," అన్నాడు.

హెడీ పుస్తకం చూసుకుంది. ఓర్ రెక్కని బండిలో పడుకోబెట్టి, చేతులు ఇసుకతో రుద్దుకుంటున్నాడు. ఆమె అటు పోయి పుస్తకం మళ్ళీ వాడి ముందు పెట్టింది.

"కిలోమీటరు నంబరు వెయ్యలేదు," అంది. "ముప్పై ఏడు. వెయ్యి."