ఆల్బీ పంచదార చెంచా

“ఈసారి సీసా పేలితే నీ కన్నే పోతుంది, ఆల్బీ. అప్పుడు నీ బీరు నీకే కనబడదు.”

“నేను ఒక్కసారే వేశాను.”

“రెండుసార్లు వేశావు. నా కళ్లతో చూశాను.”

“చూసినదానివి ఆపొచ్చుగా?”

నెరిడా చీపురు అందుకుని షెడ్డులో గాజుపెంకులు ఊడవసాగింది. పక్కింటి లాకీ కంచె అవతల సైకిలు బాగుచేస్తున్నట్టు నటిస్తూ మొగుడూపెళ్లాల గొడవంతా విన్నాడు.

బర్నీ ఊళ్లో తను పనిచేసిన కాగితం మిల్లు మూతపడ్డప్పటి నుంచీ ఆల్బీకి ఆ షెడ్డే లోకం. వీధిలో పెళ్లికైనా చావుకైనా ఆయన కాచిన బీరే వెళ్లేది. బీరు పోసేముందు ప్రతి ఖాళీ సీసాలోనూ చెంచాడు పంచదార వేయాలి. మూత బిగించాక పొంగు పుట్టేది దానివల్లే. రెండో చెంచా పడిందా, ఇక ఆ సీసా బాంబే. ఇప్పుడు ఆయనకు వేసిన సంగతే గుర్తుండటం లేదు. మతిమరుపు జబ్బని, ఇక ముదరడమే తప్ప తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు.

షెడ్డుకి తాళం వేస్తానంది నెరిడా. లాకీ అడ్డుపడ్డాడు. ఇంజనీరింగు మధ్యలో వదిలేసి ఇంట్లో తిట్లు తింటున్నవాడు, చేతులు ఊరుకోవు. పాత కాఫీ యంత్రం విప్పి, చిన్న మోటారు బిగించి, సీసాలో పంచదార కొలతగా రాల్చి వెంటనే బీరు నింపేసే యంత్రం తయారుచేశాడు.

బీరు అద్భుతంగా వచ్చింది. ఒక్క సీసా పేలలేదు. నెరిడా సంబరపడి లాకీకి మాంసం కూరిన రొట్టె చేసి పెట్టింది.

ఆల్బీ మాత్రం చెంచా ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చునేవాడు. యంత్రం పని యంత్రం చేసుకుపోయేది.

“ఎలా ఉంది?” అన్నాడు లాకీ ఓ సాయంత్రం, మెప్పు కోసం.

“మిల్లులోనూ ఇలాంటిదే తెచ్చారు. బాగా పనిచేసింది. మమ్మల్ని ఇంటికి పంపారు.”

లాకీ చెయ్యి చాచి యంత్రం ఆపేశాడు. ముసలాయన వంటింటి కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించాడు.

“అబ్బాయ్, ఖాళీ సీసాలు నా ముందు పెట్టు. పంచదార నేనే వేస్తా. రెండుసార్లు వేస్తాను, ఇవాళ్టికి ఆ సంగతి తెలుసు. నేను లోపలికెళ్లాక అన్నీ బోర్లించి కడిగెయ్. నీ యంత్రంతో మళ్లీ వేయించుకో. రేపు నేనొచ్చి, వీటిలో పంచదార వేసిందెవరని అడిగితే మాత్రం, ‘మీరే వేశారు’ అని చెప్పు.”