నాన్న ప్లేఆఫ్ జోస్యం

ఆఫీసు మైక్రోవేవ్‌లో ఎవరైనా పాప్‌కార్న్ మాడిస్తే నాకు న్యూజెర్సీలో మా పాత అపార్ట్‌మెంట్ గుర్తొస్తుంది.

నాన్నకి అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. ప్లేఆఫ్స్‌లో ఆయన గెలుస్తుందని చెప్పిన జట్టు, స్టేడియం దగ్గర బస్సు దిగకముందే ఓడిపోయేది. కావాలంటే మా అమ్మనడగండి!

నా చిన్నప్పుడు అలాంటి ఒక ప్లేఆఫ్ ఆదివారం అమ్మకి ఆపరేషన్. చిన్నపిల్లల్ని హాస్పిటల్‌కి రానివ్వరని, నాన్న నాతో ఇంట్లోనే ఉండి ఫోన్ కోసం ఎదురుచూస్తున్నారు. టీవీలో ఆట నడుస్తోంది.

"అమ్మకేం కాదు తల్లీ, వచ్చేస్తుంది" అన్నారు.

నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. "అలా చెప్పకు నాన్నా! నువ్వు చెప్పేవన్నీ రాంగే అవుతాయి. అమ్మ రాదని చెప్పు, ప్లీజ్!"

నాన్న గబుక్కున నా నోరు మూశారు. "తప్పమ్మా! తథాస్తు దేవతలుంటారు." ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. వంటింట్లోంచి మాడిన పాప్‌కార్న్ పొగ వస్తున్నా ఇద్దరం లేవలేదు.

చీకటిపడ్డాక ఫోన్ మోగింది. అమ్మే. గొంతు నీరసంగా ఉంది.

"ఏమండీ, ఎవరు గెలిచారు?"

నాన్న టీవీ వైపు చూశారు. ఆట ఎప్పుడో అయిపోయి వార్తలు వస్తున్నాయి.

"తెలీదే" అన్నారు.

ఆ చెయ్యి ఎందుకంతసేపు తియ్యలేదో అప్పుడు నాకు తెలియలేదు. తన జోస్యానికి నాకంటే ఆయనే ఎక్కువ భయపడి ఉంటారు.