మగవాళ్ళ మాటే వినబడే చెవులు

మా ఆయనకి మగవాళ్ళ మాట వినబడుతుంది, నా మాట వినబడదు. పెళ్ళయిన కొత్తలో ఇలా లేదు. ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, ఏదో మొదలైందని మాత్రం అందరికంటే ముందు నేనే పసిగట్టాను. నేను అనుమానం మనిషిని. కూరగాయలవాడు తూకం వేస్తుంటే అందరూ ముల్లు చూస్తారు, నేను వాడి వేళ్ళు చూస్తాను.

పక్కింటి బెంగాలీ దాదా వీధి మలుపులోంచి కేకేస్తే మా ఆయన గుమ్మంలోంచే జవాబు చెప్తాడు. అదే వంటింట్లోంచి నేను "బావా, కుక్కర్ కట్టెయ్యి" అంటే పక్క గదిలో ఉన్న మనిషి కదలడు. కుక్కర్ ఈలలు వేసీ వేసీ పప్పు అడుగంటిపోయేది. మా అమ్మాయిది సన్నటి గొంతు. అది "నాన్నా" అని పిలిచినా పలకడు. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం. ఆ ఇద్దరి మాటా చెవికెక్కక, బయటి మగవాళ్ళ మాట మాత్రం ఎక్కితే దాన్ని చెవుడని ఎవరంటారు? పొగరంటారు. నేనూ మొదట పొగరే అనుకున్నాను. తర్వాత అంతకంటే చెడ్డదే అనుకున్నాను.

ఆయన నాకు స్వయానా మేనత్త కొడుకు. మా రెండు కుటుంబాలూ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. ఆయన పగలు వర్క్‌షాప్‌లో ఫిట్టరు, పండగ రోజుల్లో ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయిస్తాడు. రెండు పుల్లలతో కొడితే డోలక్ నుంచి డ్రమ్ముల దాకా అన్నీ పలికే కరెంటు వాయిద్యం అది. ఈ ఊళ్ళో పూజ లేని నెల ఉండదు, పాటల ప్రోగ్రాం లేని పూజ ఉండదు. దుర్గమ్మకి వాయిస్తాడు, కాళికి వాయిస్తాడు, మన తెలుగువాళ్ళ మాత పూజకి సరేసరి. నేను మేముండే మలంచా పేటలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను, చీరలకి ఫాల్స్ వేస్తాను. మిషను ముందు కూర్చున్న ఆడదానికి ఆలోచించడానికి బోలెడంత తీరిక.

ఆలోచిస్తే ఒక్కొక్కటీ కనిపించడం మొదలైంది. ఫోను మోగితే ఇంట్లో మాట్లాడడు, మెట్ల మీదకి పోతాడు. అదీ ఒకే చెవికి ఆనించుకుని, గోడకి తిరిగి. ఎవరు ఫోను చేసినా "మెసేజ్ పెట్టు, మెసేజ్ పెట్టు" అంటాడు. ఆ మెసేజీలు చూసుకుని నవ్వుకుంటాడు. నేను ఏదైనా అడిగితే "ఊ" అంటాడు. "కూరలోకి వంకాయా, బెండకాయా?" అంటే కూడా "ఊ" అనే మనిషి మనసు ఎక్కడుందని అనుకోవాలి? నిప్పు లేనిదే పొగ రాదు కదా.

ఆ నిప్పు ఎవరో కూడా నాకు తెలుసనుకున్నాను. ఆర్కెస్ట్రాలో పాడే బెంగాలీ ఆవిడ. తెలుగు పాటల్ని బెంగాలీ అక్షరాల్లో రాసుకుని, మన వాళ్ళంతా ఈలలు వేసేటట్టు పాడుతుంది. నన్ను ఎక్కడ చూసినా "దీదీ, బాగున్నారా" అని తెలుగులోనే పలకరిస్తుంది. మర్యాదగా పలకరించేవాళ్ళంటేనే నాకు మరీ అనుమానం.

ఒకసారి మా ఇంటికి దగ్గరలోనే ప్రోగ్రాం పడింది. జాకెట్టు ఇచ్చి వస్తానని అమ్మాయికి చెప్పి బయల్దేరాను. ముందు వరసల్లో కూర్చుంటే ఆయన చూస్తాడు. వెనక నిలబడితే నాకు కనిపించదు. స్టేజీ పక్కన నా కంటే ఎత్తుగా సౌండ్ బాక్సులు పేర్చి ఉన్నాయి. ఆ మూల ఒక్క నరపురుగు కూడా లేదు. దాక్కోవడానికి ఇంతకంటే చోటేముందని బాక్సుకి భుజం ఆనించి నిలబడ్డాను. అంతమంది జనంలో ఆ ఒక్క చోటే ఎందుకు ఖాళీగా ఉందో మాత్రం నాకు అనుమానం రాలేదు.

పాట మొదలైంది. చీర కుచ్చిళ్ళు అదిరాయి, పళ్ళు అదిరాయి. కాసేపటికి అది చప్పుడులా కూడా లేదు, ఎవరో ఛాతీ మీద గుద్దుతున్నట్టుంది. అయినా నేను కదల్లేదు, ఎందుకంటే నేను చూడాలనుకున్నది చూస్తున్నాను. మా ఆయన చేతులు ప్యాడ్ మీద ఉన్నాయి, కళ్ళు మాత్రం ఆవిడ నోటి మీద ఉన్నాయి. పాట పాటకీ అంతే. ఆవిడ ఇటు తిరిగితే ఇటు, అటు నడిస్తే అటు. ఒకసారి ఆవిడ జనం వైపు పూర్తిగా తిరిగిపోతే మెడ సాచి మరీ చూశాడు. పెళ్ళయిన కొత్తలో కూడా నన్ను అలా చూడలేదు. ఏడుపొచ్చింది. ఆ చప్పుడులో గట్టిగా ఏడ్చినా ఎవరికీ వినబడదు, ఏడ్చాను కూడా. ప్రోగ్రాం చివరిదాకా అక్కడే ఉండి ఇంటికొచ్చి పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి లోకం దూరంగా జరిగిపోయి ఉంది. రెండు చెవుల్లోనూ కుయ్యిమని ఒకటే మోత. పంపు తిప్పితే నీళ్ళు పడడం కనిపిస్తోంది, వినిపించడం లేదు. ఏడ్చినందుకు తలకి జలుబు పట్టిందనుకున్నాను. పాలబ్బాయి వచ్చి మాట్లాడితే వాడి బొంగురు గొంతు బాగానే అందింది. పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను, ఎవరో భుజం మీద కొట్టారు. చూస్తే మా అమ్మాయి, మొహం ముటముటలాడించుకుంటూ.

"ఎన్నిసార్లు పిలిసినాను! నువ్వు కూడా నాన్నలాగ అయిపోనావేటి?"

"నాన్నలాగేటి?"

"నాన్నకి ఎనకనుంచి పిలిస్తే ఇనపడదు కదా. ముందుకెళ్ళి నిలబడి మాటాడాల. నోరు సూసి తెలుసుకుంటాడు. నీకు తెల్దా?"

నాకు తెలియదు. ఇంట్లో సూది పడితే పసిగట్టేదాన్ని, నాకు తెలియదు. చిన్నపిల్ల, అది ఎప్పుడో కనిపెట్టి, దానికి తగ్గట్టు నడుచుకుంటూ, అందరికీ తెలిసిన సంగతే అనుకుని ఊరుకుంది.

వెంటనే నమ్మానని అనుకోకండి. తండ్రి తరఫున మాట్లాడుతోందేమో అని దాన్ని కూడా అనుమానించాను. ఆయన టిఫిను తింటుండగా వెనకే నిలబడి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతో "బావా, మీ అమ్మ పోలికే నీది, మొండిగటం" అన్నాను. మా అత్తని అంటే కంచం వదిలేసి లేచే మనిషి. చట్నీ నంజుకున్నాడు.

ఆ రోజంతా మిషను ముందు కూర్చున్నాను గానీ కుట్టు సాగలేదు. మెట్ల మీద ఫోను, మెసేజీలు, ఆ "ఊ"లు, పాటగత్తె నోటి మీద కళ్ళు, అన్నిటినీ ఒకసారి విప్పి మళ్ళీ కుట్టి చూశాను. ప్రతి ముక్కా ఇటు కూడా సరిపోయింది. ఆవిడ పాట ఎక్కడ ఎత్తుకుంటుందో వినబడక, నోరు చూసి తాళం వేస్తున్నాడేమో. అలా అనుకుంటే కొంచెం ప్రాణం కుదుటపడింది, కొంచెం భయమేసింది. అప్పటికీ ఏది నిజమో నాకు తెలియదు.

చేతిలో సూదిని గుచ్చి పెట్టబోతే అప్పుడు కనిపించాయి. మా ఇంట్లో నారింజ రంగు మెత్తటి బొడిపెలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. వర్క్‌షాప్‌లో చెవుల్లో పెట్టుకోమని ఇస్తారు. డ్యూటీలో ఆయన తప్పకుండా పెట్టుకుంటాడు. మిగిలినవి జేబులో ఇంటికొస్తాయి. నేను వాటికి సూదులు గుచ్చుకుంటాను. గడగడలాడే కిటికీ సందుల్లో కూడా అవే కుక్కాను. ఇన్నేళ్ళలో ప్రోగ్రాంకి వెళ్తూ ఒక్క రోజు ఆయన అవి తీసుకెళ్ళలేదు, తీసుకెళ్ళమని నేనూ అనలేదు. సుత్తి దెబ్బ చెవికి చేటని మా కాలనీలో పిల్లలకి కూడా తెలుసు. పాట కూడా చేటు చేస్తుందని చెప్తే నవ్వుతారు.

సాయంత్రం ఆయన ఎదురుగా నిలబడి అడిగాను.

"బావా, పోగ్రాంలో సెవులకి అవి పెట్టుకోవేటి?"

"ఎందుకే? అక్కడ పనేటి సేస్తన్నాను? పాటే కదా."

"బాక్సులు పక్కనే ఉంటాయి కదా."

"పాట సప్పుడెలాగవుద్ది? అవి పెట్టుకుంటే నాకు తాళమేటి ఇనపడుద్ది?" అని నవ్వాడు. నవ్వాక నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఏదో దాస్తున్నాడని అప్పుడు రూఢిగా తెలిసింది. ఏం దాస్తున్నాడన్నదే తేలాలి.

డాక్టరు దగ్గరకి రమ్మంటే రాడు. అందుకని నా చెవులు మోగుతున్నాయని, తోడు రమ్మని తీసుకెళ్ళాను. అబద్ధం కాదు, ఇంకా కొంచెం మోగుతూనే ఉన్నాయి. మలంచాలో చెవుల డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ముందు నన్ను చూసి, ఎక్కడ నిలబడ్డావని అడిగితే చెప్పాను. ఎందుకు నిలబడ్డానో చెప్పలేదు. ఈసారికి నీ వినికిడి తిరిగొస్తోంది, ప్రతిసారీ ఇలా రాదు అంది. తర్వాత నేను సైగ చేస్తే ఆయన్ని కూడా అద్దాల గదిలో కూర్చోబెట్టారు. తలకి పెట్టిన దాంట్లో చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. బయట పరీక్ష చేసే అమ్మాయి ఒక్కొక్క చప్పుడే పంపుతోంది. మొదట్లో గబగబా నొక్కాడు. తర్వాత ఆ అమ్మాయి చెయ్యి తిప్పుతూనే ఉంది, ఆయన వేలు కదలడం లేదు. అద్దంలోంచి నన్ను చూసి, ఇంక అయిపోయింది కదా అన్నట్టు చిరునవ్వు నవ్వాడు.

సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయట. అందుకే ఆడవాళ్ళ మాట, పిల్లల మాట, కుక్కర్ ఈల చెదిరిపోయి, మగవాళ్ళ బరువు గొంతు మిగిలిందట. పోయింది మళ్ళీ రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అంది డాక్టరమ్మ. దూది పెట్టుకుంటే చాలదా అని అడిగాను. దూది చలిగాలికి, చప్పుడుకి కాదు అంది. ఆ మెత్తటి బొడిపెని సన్నగా నలిపి, చెవిని పైకి లాగి దోపి, లోపల ఉబ్బేదాకా వేలితో ఆపి పట్టుకోవాలని చేసి చూపించింది. వాయించేవాళ్ళకి పాట చెడకుండా మోత మాత్రమే తగ్గించేవి వేరే ఉంటాయట. బాక్సుకి దూరంగా కూర్చోవాలి, మధ్యమధ్య చెవికి విశ్రాంతినివ్వాలి. ఏదో అమ్మడానికి చూస్తోందని అనుమానించాను గానీ, ముందు మీ ఇంట్లో ఉన్నవే వాడమంది.

ఇప్పుడు ఆయన వాడుతున్నాడు. మొదట్లో తాళం తప్పుతోందని సణిగాడు, అలవాటయ్యాక సణగడం మానేశాడు. పాటలావిడ కూడా ఒక జత అడిగి తీసుకుంది. కానీ డాక్టరమ్మ దగ్గర ఆ రోజు అక్కడితో అయిపోలేదు.

ఇంకో పరీక్ష మిగిలింది. మాటలు ఎంత అందుతున్నాయో చూడాలి. పరీక్ష చేసే అమ్మాయికి బెంగాలీ తప్ప రాదు. చిన్నప్పటినుంచి విన్న భాషలో చెప్తేనే నయం, మీరే చెప్పండి దీదీ అంది. ఆయన్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది. నన్ను వెనక నిలబెట్టి, నోటికి కాగితం అడ్డం పెట్టుకోమంది. నేను అన్నది ఆయన అప్పజెప్పాలి. గట్టిగా కాదు, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి.

కాగితం వెనక నోరు తెరిచాను. అన్నం, నీళ్ళు, బండి, ఇలాంటివేవో చెప్పాలని అనుకున్నాను. ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పడి ఉన్న మాట బయటికొచ్చేసింది.

"బావా, ఆవిడతో నీకేటి? నిజం సెప్పు."

ఆయన గోడ వైపు చూస్తూ, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడిలో పిల్లాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. మెడ కూడా బిగుసుకోలేదు. కాసేపాగి, "ఏటే, ఇంకా మొదలెట్టనేదా?" అన్నాడు.

ఆ అమ్మాయి నా వైపు చూసి, "ఆరేక్టు జోరే, దీదీ" అంది. ఇంకొంచెం గట్టిగా అనమని.

గట్టిగా అంటే ఆ మాట ఆయనకి చేరుతుంది. జవాబు కూడా వస్తుంది.

"ఇంటికెల్దాం, బావా" అన్నాను, గట్టిగా.

"ఇంటికెల్దాం, బావా" అని ఆయన తప్పు లేకుండా అప్పజెప్పాడు.