చర్చిలో విప్పని మట్టి పొట్లం

మా ఊరి ప్రార్థన కూటంలో మా అమ్మ ఇప్పటికీ ఒక సాక్ష్యం చెబుతుంది. అనంతపురంలో చర్చి మొత్తం మా బోరు కోసం మోకరించిందనీ, అయినా నీళ్లు పడలేదంటే అది దేవుని చిత్తమనీ. విన్నవాళ్లు ఆమెన్ అంటారు. నిజానికి ఆ రోజు మా కోసం ఎవరూ మోకరించలేదు. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. అందుకే ఒకచోట రాసి ఉంచాలి.

తొంభైల చివర్లో నేను అనంతపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మాది శింగనమల వైపు పల్లె. కాలేజీ అయ్యాక జిల్లా గ్రంథాలయం మూసేదాకా అక్కడే కూర్చునేవాణ్ని. సిలబస్‌లో లేనివే ఎక్కువ చదివాను. భూగర్భజలాల పుస్తకమైతే మూడుసార్లు. మా నేల కింద ఉన్నది గట్టి రాయి. అందులో పగులు ఉన్నచోటే నీళ్లు, లేనిచోట ఎంత లోతుకు పోయినా పొడే. మా ఇంట్లో ఎవరికీ తెలియనిది నాకు తెలుసని గర్వంగా ఉండేది.

శనివారాల్లో అమ్మ మా ఊరి బస్సులో రొట్టెలు పంపేది. ఆ శనివారం కండక్టరు రొట్టెలతో పాటు ఒక గుడ్డ పొట్లం ఇచ్చాడు.

"ఇందులో ఉండేది మన్ను అప్పా. దీనికీ టికెట్టు కొట్టల్లేమో అనుకొంటి" అని నవ్వి, మా నాయన చెప్పమన్న మాట చెప్పాడు. "సోమవారం బోరు బండి వస్తాదంట. పాయింటు కాడి మన్ను ఇది. రేపు చర్చిలో పాస్టరు చేతికిచ్చి ప్రార్థన చేయించమన్నాడు."

బోరు వేసే ముందు ఊళ్లో మిగతావాళ్లు, నీళ్లు పడతాయని గుర్తు పెట్టిన పాయింటు మీద టెంకాయ కొడతారు. మావాళ్లు ఆ మట్టి మీద ప్రార్థన చేయిస్తారు.

హాస్టల్లో నా రూమ్మేటు పొట్లం చూసి, "ఏం సామీ, దేవునికి మట్టి శాంపిలు ఇస్తాండావా? రిపోర్టు ఎప్పుడొస్తాది?" అన్నాడు. నేనూ నవ్వాను. రాళ్ల సంగతి వాడికి చెప్పింది నేనే కదా.

ఆదివారం ఆరాధనలో పాస్టరు, ప్రత్యేక ప్రార్థన కావలసినవాళ్లను ముందుకు రమ్మన్నాడు. ఒకామె ఎక్స్‌రే పట్టుకొని పోయింది. ఒకడు హాల్ టికెట్టు పట్టుకొని పోయాడు. నా చేయి బ్యాగులో పొట్లం ముడి మీదే ఉంది. ప్రార్థనతో రాయిలో పగులు రాదని తెలిసీ ఎలా అడగాలి? ఆ ఇస్త్రీ చొక్కాల మధ్య ఎర్రమన్ను ఎలా విప్పాలి? ఏది నన్ను లేవనివ్వలేదో ఇప్పటికీ చెప్పలేను.

"ఏమన్నా అడగల్లనుకొంటివా నాయనా?" అంది పక్కనున్న అవ్వ.

"ఏం లేదవ్వా."

తరువాతి శనివారం ఊరికి పోతే చేను మధ్య తెల్లటి రాతిపొడి కుప్ప. నాయన దాని పక్కనే కూర్చొని ఉన్నాడు.

"ప్రార్థన చేయించినావా రా?"

"నాయనా, ఈ రాళ్ల గురించి నేను పుస్తకంలో..."

"పుస్తకంలో మన చేను ఉండాదా? అడిగింది చెప్పు."

"చేయించినా."

"ఎంతమంది ఉండిరి?"

"చర్చి నిండా."

ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. "అంతమంది అడిగినా ఇయ్యలేదంటే మనమేం జేస్తాం. పో, కూడు తిను."

నిజం చెబితే నా వల్లే నీళ్లు పడలేదనుకుంటాడు. కాదని చూపించడానికి నేను చదివినదేదీ చాలదు.

పేర్లు రాయను గానీ, తాళం వేసే వేళ దాటినా చదువుకోనిచ్చిన లైబ్రేరియన్‌కు, మా మట్టిని చిందకుండా తెచ్చిన కండక్టరుకు, నన్ను అడిగిన ఆ అవ్వకు కృతజ్ఞతలు. మా అమ్మకు కూడా. మొన్న కూటంలో సాక్ష్యం ముగించి ఆమె నా వైపు చూసింది. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.