కొమ్ముల గిటారుకు నేను చేసిన పూజ

ఆ కాలంలో మొగుడి వస్తువును ముట్టుకున్నామంటే బొట్టు పెట్టడానికే ముట్టుకునేవాళ్లం. చీపురైనా చేటైనా దసరా రోజు తుడిచి పసుపు రాస్తేనే అది మన ఇంటిదైనట్టు. (నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది కాబట్టి మీరూ వింటున్నారనే అనుకుంటాను.)

మా ఆయనది పాల్వంచ కరెంటు కంపెనీలో షిఫ్టు డ్యూటీ. పెళ్లయి నేను కాలనీ క్వార్టర్‌కు వచ్చేసరికే ఆ ఇంట్లో ఒకతి ఉంది, ఆయన గిటారు. దుకాణంలో కొన్నది కాదు. భద్రాచలం అవతల కోయవాళ్ల ఆటలో తలకు కట్టుకున్న దున్న కొమ్ములు చూసొచ్చి, గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసి, జూలూరుపాడు వడ్రంగితో టేకు చెక్కకు అలాంటివే రెండు కొమ్ములు తీయించాడట. మెడ మీద ఇత్తడి తీగ మెట్లు. తీగల కింద, అయస్కాంతాలకు వెంట్రుకంత రాగితీగ చుట్టిన కడ్డీలు రెండు. మోటార్లకు వైండింగ్ చేసే దోస్తు చుట్టిచ్చాడు. ఒకదానిది లావు గొంతు, ఒకదానిది సన్నం. శబ్దం పెంచి తగ్గించడానికి పాత రేడియో బిరడాలు. తల మీద తెల్ల రంగుతో ఆయన సంతకం, హాజరు పుస్తకంలో పెట్టినట్టే, కింద రెండు గీతలతో సహా.

మొదటిసారి చూసి నేను ఊరుకున్నానా? "ఏందయ్యా, దీని పొట్టకు బొక్కే లేదు. వడ్రంగి మోసం చేసిండు" అన్నాను.

"పొట్టకెందుకే బొక్క? ఇది కరెంటుతోని మోగుతది. ఇగో, వైరు వెట్టే బొక్క పక్కకున్నది సూడు" అని పసిబిడ్డను తిప్పినట్టు తిప్పి చూపించాడు.

ఆ ఏడాదే దసరా సాయంత్రం కాలనీ స్టేజీ మీద ఆయన మొదటిసారి వాయించాలి. పెద్దాఫీసర్లు వస్తారు. నెల రోజులుగా అన్నం తింటున్నా కంచం అంచు మీద వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. పొద్దున డ్యూటీకి పోతూ, "సైకిలు, నట్లు ఇప్పే పానాలు, గిటారు, అన్నిటికీ బొట్టు వెట్టు. గిటారును మాత్రం కడగకు, సచ్చిపోతది" అన్నాడు.

కడగలేదు. ఆ మాట మాత్రం తప్పలేదు. పొడిబట్టతో తుడిచి, కొమ్ములకు పసుపు రాసి, ఆరు తీగలకు ఆరు బొట్లు పెట్టి, సంతకం మీద బంతిపువ్వు ఉంచాను. మరి అగరుబత్తి? పానాల దగ్గర అరటిపండుకు గుచ్చాను. గిటారుకు, దేవుడిచ్చినట్టు, పక్కన బొక్క ఉండనే ఉంది. అందులో గుచ్చాను. బత్తి కాలాక పుల్ల లాగితే విరిగి పైసగమే వచ్చింది. లోపలి సగం ఎవరినేం చేస్తుందిలే అనుకున్నాను.

సాయంత్రం ఆడవాళ్ల ముందు వరసలో కూర్చున్నాను. ఆయన ఇస్త్రీ చొక్కాతో నిలబడి వైరు గుచ్చాడు. పోలేదు. తిప్పి గుచ్చాడు. పోలేదు. వెనకనుంచి ఎవరో, "ఏందన్నా, నీ దున్నకు గొంతు వట్టిందా?" అని అరిచారు. జనమంతా నవ్వు. వైండింగ్ దోస్తు వంగి చూసి, "మొత్తం ఇప్పి సూడాలె. ఇయ్యాల గాదు" అనేశాడు. ఆఫీసరు చేతి గడియారం చూసుకున్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, లోపల మిగిలిన సగం పుల్ల.

పక్క క్వార్టరు అక్క "ఏడికే? కూసో" అని కొంగు పట్టి లాగుతున్నా లేచి స్టేజీ ఎక్కాను. తల వంచుకొని తిరగాల్సిన కొత్త పెళ్లికూతురిని! పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి, కాలిలో ముల్లు తీసినట్టు ఆ బొక్కలో గెలికాను. పుల్ల ఊడొచ్చింది. టక్కున పిడికిట్లో దాచాను.

"ఏందే అది?"

"ఏం లేదు. చెత్త."

"చెత్త ఎట్లొచ్చింది?"

"నాకేం ఎరుక? నీ వడ్రంగినడుగు!"

పక్కనే మైకు ఉందని నాకేం తెలుసు. నా మాట కాలనీ అంతా మోగింది. ఆ వెనకే గిటారూ మోగింది. పసుపంటిన వేళ్లతో అరగంట వాయించి, చివర్లో ఆయన మైకు ముందుకు వంగి, "నా గిటారుకు మెకానిక్ మా ఇంటిదే" అన్నాడు. ఒకటే చప్పట్లు. నేను పిడికిలి విప్పకుండానే దండం పెట్టాను.

ఆయన పోయేదాకా చుట్టాలందరికీ ఆ మెకానిక్ కథ చెప్పాడు. నేను పక్కన కూర్చుని, "చెత్తే, చెత్తే" అంటూ వచ్చాను. అసలు సంగతి చెబితే ఏమంటాడోనని ఒకటే భయం. కానీ తెలియకుండా ఉంటుందా? ఆ తర్వాత ప్రతి దసరాకూ, డ్యూటీకి పోయే ముందు, ఆ బొక్కలో ఇంత గుడ్డపీలిక కుక్కి పోయేవాడు. ఇంత నోరున్న మనిషిని, ఆ పీలిక ఎందుకో అడగలేకపోయానా అని ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.