గేటు దగ్గరి బెంచీలు

డిగ్రీలో నేను తీసుకున్నది పార్కులు, వినోదం, వ్యాయామం. ఖతర్‌లో పుట్టి పెరిగినా కడప చుట్టాల నోటికి దొరక్కుండా ఎక్కడికి పోతాం? "పార్కులో తిరిగేదానికి గూడా సదువు కావాల్నా?" అని మా మేనత్త ఫోన్లో నవ్వింది. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చిన మా నాయన మాత్రం అన్నం తిని పడుకున్నాడు. నాకూ ఆ చదువంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. సీటొచ్చింది, చేరాను.

రెండో ఏడు ఒక్కొక్కరికి ఒక్కో పార్కు అప్పజెప్పారు. నాకు దోహాలోని అల్ తుమామాలో ఒక చిన్న పార్కు పడింది. పని తేలికే. పదిహేను నిమిషాలకోసారి ఎడమ నుంచి కుడికి చూడాలి. కూర్చున్నవాళ్ళు, నడిచేవాళ్ళు, వ్యాయామం చేసేవాళ్ళు అని మూడు గడుల్లో గీతలు పెట్టాలి. ఎవరితోనూ మాట్లాడకూడదు, మాట్లాడితే లెక్క చెడుతుందని మా క్లాసు మేడం చెప్పారు.

మొదటి సాయంత్రమే గేటు దగ్గరి బెంచీ మీద మా చిన్నాయన కనిపించాడు. మా నాయనకు పినతండ్రి కొడుకు, ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవరు. ఆ ఇంటి పిల్లలు ఆడుకున్నంతసేపూ ఆయన అక్కడే ఉండాలి. ఊరికే ఆగిన కారులో ఏసీ వేస్తే యజమానులు ఒప్పుకోరు, నిలబడదామంటే మోకాలు ఒప్పుకోదు. పక్కన అలాంటి డ్రైవర్లే ఇంకో నలుగురు.

"ఏం రాస్తాండావు పాపా?" అన్నాడు.

మాట్లాడకూడదు కదా, కాగితం చూపించి నవ్వాను. కూర్చున్నవాళ్ళ గడిలో ఐదు గీతలు పెట్టాను. ఆయన డ్యూటీలో ఉన్నాడని నాకు తెలుసు. కాగితంలో డ్యూటీకి గడి లేదు.

గేటు దగ్గర పెద్దవాళ్ళు గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటున్నారని, ఆ బెంచీలు తీసేసి వ్యాయామ పరికరాలు పెడితే మేలని రిపోర్టులో రాశాను. చివర ఏం రాయాలో తోచక రాసిన మాట అది. క్లాసుకు వచ్చిన పార్కుల అధికారికి సరిగ్గా అదే నచ్చింది. మంచి మార్కులొచ్చాయి. సంతోషంగా ఉందా అని అమ్మ అడిగితే, ఉందనే అన్నాను.

మరుసటి ఏడు, మార్పు ఎంత వచ్చిందో చూడమని అదే పార్కుకు అదే కాగితంతో పంపారు. బెంచీలు లేవు. నలుగురు డ్రైవర్లు గోడ నీడన నిలబడి ఉన్నారు. చిన్నాయన ఒక్కడు సైకిల్లా తొక్కే పరికరం సీటు మీద కూర్చున్నాడు. కాపలా మనిషి అటు రాగానే తొక్కడం మొదలుపెట్టాడు. తొక్కకుండా ఊరికే కూర్చుంటే లేపేస్తాడట.

"యెవురు బెట్టించినారో గానీ పాపా, మోకాలు ఒగటే సలుపు. నీ సదువు ఇదే గదా. ఆ ఆఫీసోళ్ళకు చెప్పు, ఒక్క బెంచీ యేపిచ్చమని."

పెట్టించింది నేనేనని చెప్పాలి. సిగ్గేసింది, కానీ ఆ సిగ్గు కూడా పక్కనెవరికో వేసినట్టు దూరంగా ఉంది.

"చెప్తాలే చిన్నాయనా" అన్నాను.

అంతలో పదిహేను నిమిషాలు అయ్యాయి. ఎడమ నుంచి కుడికి చూశాను. కాపలా మనిషి మళ్ళీ ఇటే వస్తున్నాడు, చిన్నాయన పళ్ళు బిగించి తొక్కుతున్నాడు. వ్యాయామం గడిలో ఒక గీత పెట్టాను.