బడి మిద్దె మీద నుంచి జారిన ఎంపీత్రీ

మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలు. కింద వీధిలో గోలీలాడుతున్న పిల్లల సందడి ఒక్కసారిగా ఆగిపోయింది. నాకు భయం పట్టుకుంది అప్పుడే.

ఆ ఊరికి మేము వచ్చి ఏడు గంటలైంది. కడప జిల్లాలో, జమ్మలమడుగు నుంచి మైలవరం వైపు పోయే దారిలో ఉంటుంది. మర్నాడు పోలింగు. మాది కేంద్ర బలగం, సెక్షన్‌లో పదిమందిమి. బడే మా పోస్టు. రెండు నుంచి నాలుగు వరకు మిద్దె మీద కాపలా నాది. రైఫిలు, మూడు మ్యాగజైన్లు, హెల్మెట్, వాకీటాకీ, లీటరు నీళ్లు. గాలి లేదు. పిట్టగోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది.

సొంత జిల్లాకు డ్యూటీ వేయరు. నా రికార్డులో ఉన్నది పుట్టిల్లు, అనంతపురం. అత్తిల్లు ఎక్కడని ఎవరూ అడగలేదు, ఇదే జిల్లాలో ప్రొద్దుటూరని నేనూ చెప్పలేదు. నా ఇద్దరు పిల్లలు గంట కూడా పట్టని దూరంలో ఉన్నారు.

కాపలాలో ఫోన్లు, పాటల పరికరాలు నిషేధం. అయినా నా చొక్కా జేబులో ఒక ఎంపీత్రీ ఉంది. అందులో మా అత్త గొంతు ఉంది. పిల్లల్ని అన్నానికి పిలవడం, తిట్టడం, కాకి కథ చెప్తూ మధ్యలో దగ్గడం. అంతా కలిపి పదకొండు నిమిషాలు. ఆమె పోయి నాలుగు నెలలు. పిల్లలు అది విని పడుకునేవాళ్లు. ఇంకో కాపీ లేదు. మా సిగ్నల్ ఆపరేటర్ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తానంటే తెచ్చాను. పెట్టెలో పెడితే ఎవరైనా తీస్తారని జేబులో ఉంచుకున్నాను. వెనక మూత ఊడుతుందని నా కొడుకు నల్ల టేపు చుట్టాడు. దాని మీద ఇయర్‌ఫోన్ వైరు చుట్టి ఉంది.

కింద ఎవరో గట్టిగా మాట్లాడుతుంటే వంగి చూశాను. జేబు గుండీ పెట్టుకోలేదు. ఎంపీత్రీ జారి కడప బండల మీద టప్పున పడింది.

ఇంకో ఊర్లో అయితే పిల్లలు ఎగబడి తీసుకునేవాళ్లు. నల్ల టేపు, వైరు చూసి ఈ ఊరి పిల్లలు వెనక్కి వెనక్కి నడిచారు.

"రేయ్, ముట్టుకోవద్దండి. ఇట్ల రాండి" అంది టీ కాచే ఆమె. "మామా, ఈడేందో పడింది చూడు."

అరుగు మీదున్న ముసలాయన లేచాడు. తొట్టిలో బకెట్ ముంచి నింపాడు. నాటుబాంబు తడిస్తే పేలదని ఆ ఊర్లో పెద్దవాళ్లకు ఒకరు చెప్పనక్కర లేదు. కుడి చేత్తో పిడి పట్టుకున్నాడు. అడుగున ఆనించిన ఎడమ చేతికి రెండే వేళ్లు.

"ఉన్న రెండేళ్లూ పోగొట్టుకుంటావా ఏంది మామా?"

"పోతే పోనీలేమ్మా. అన్నం తినేది ఈ చేత్తో కాదు గదా. పిల్లోళ్లను గోడెనక్కి తీస్కపో."

వాకీటాకీ మోగింది. మా సెక్షన్ కమాండర్ శ్రీకాకుళం ఆయన. "మిద్దె పోస్ట్, ఏటయింది? ఓవర్."

"ఏదో పడింది సార్. చూస్తున్నాను. ఓవర్."

"ఎవులు పడేసినారు?"

బటన్ మీద వేలు పెట్టి ఊరుకున్నాను. నాదని చెప్తే ఛార్జిషీటు. చెప్పకపోతే నీళ్లు పడతాయి, అత్త గొంతు పోతుంది. నా తలలో ఈ రెండే తిరిగాయి. ముసలాయన ఒక్కో అడుగూ వేస్తూ వచ్చాడు. మూడడుగుల దూరంలో ఆగాడు. కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. బకెట్ వంచాడు.

"తాతా, ఆగు. బాంబు కాదది. నాది."

అప్పటికే సగం నీళ్లు దాని మీద పడ్డాయి.

ఆయన తలెత్తి చూశాడు. "నీదా?"

"నాదే."

"ముందే చెప్పొద్దా తల్లీ."

బకెట్ కింద పెట్టి బండ మీద కూలబడ్డాడు. రెండు వేళ్ల చెయ్యిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో అదిమి పట్టుకున్నాడు.

నాలుగింటికి దిగి, తడిసిన ఎంపీత్రీ తీసుకున్నాను. కమాండర్ మిద్దె వైపు, నా వైపు చూశాడు. "సిన్నపిల్లవేటి నువ్వు?" ఛార్జిషీటు రాయలేదు, వారం రోజులు అదనపు డ్యూటీ వేశాడు. సిగ్నల్ ఆపరేటర్ ఒకటే అడిగాడు.

"స్విచ్ నొక్కావా?"

"లేదన్నా."

"నొక్కొద్దు. తడి మీద కరెంటు పారితే మెమరీ కాలిపోతుంది."

పోలింగు అయ్యాక మమ్మల్ని రెండు రోజులు పులివెందులలో ఉంచారు. అక్కడ విప్పాం. ఆపరేటర్ టేపు కోసి, నాలుగు మరలు తీసి, బ్యాటరీ వైరు ఊడదీశాడు. ప్రథమ చికిత్స పెట్టెలోని స్పిరిట్‌తో తుడిచాడు. ఒక పగలంతా నీడలో ఆరబెట్టాం. బ్యాటరీ మళ్లీ తగిలిస్తే పలకలేదు. భూతద్దంలో చూస్తే బ్యాటరీ దగ్గర టంకం విరిగి ఉంది. అది నీళ్ల వల్ల కాదు, పడిన దెబ్బకు. మళ్లీ టంకం పెట్టాడు. తెర వెలగలేదు. గుడ్డిగా బటన్ నొక్కుతూ పోయాడు. ఎడమ చెవిలో దగ్గు వినపడింది. మా అత్త దగ్గు. కుడి చెవి మూగదే, ఇయర్‌ఫోన్ సాకెట్ పగిలింది. కంప్యూటర్‌లోకి మాత్రం ఎక్కలేదు.

అదనపు డ్యూటీ ముగించుకుని ఒక సాయంత్రం ప్రొద్దుటూరు చేరాను. పనిచేసే ఒక్క చెవి కోసం పిల్లలిద్దరూ కొట్టుకున్నారు. చివరికి తలలు ఆనించి మధ్యలో పెట్టుకుని పడుకున్నారు.

ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. ఈ పూట కూడా పిల్లలు నిద్రపోయాకే ఇది రాస్తున్నాను. ఎక్కడ టప్పున చప్పుడైనా ముందు కనపడేది ఆ రెండు వేళ్లు, వాటిని అదిమిన రెండో చెయ్యి.

అప్పుడు నేను ప్రొద్దుటూరు చేరిన మర్నాడు పొద్దున నా కొడుకు పగిలిన సాకెట్ చూపించాడు. "ఎవరు పడేసినారమ్మా?"

బస్సులో పడిందని చెప్పొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"నేనే పడేసినా. అది బాంబనుకుని ఒక తాత నీళ్ల బకెట్ తీసుకుని దాని దగ్గరికి నడిచినాడు, ఆడున్న పిల్లోళ్లకు ఏమీ కాకూడదని. నేను పైనుంచి చూస్తా ఉండిపోయినా."

"బాంబు కాదు గదమ్మా" అంది కూతురు.

"కాదు. ఆయనకు తెల్దు. నాకు తెలుసు."